కిలోంబావు ల్యాప్‌టాప్ హత్య కేసు

"ఈ భూప్రపంచంలో బరువు తగ్గిన ప్రతి వస్తువు వెనకాలా ఒక దొంగ ఉంటాడు. ఆ దొంగ వెనకాల నేనుంటాను!"

అంటూ మామయ్య కుట్టుమిషను పక్కనున్న ఎత్తుపీట ఎక్కి నిలబడ్డాడు. ఎక్కాల్సిన అవసరం బొత్తిగా లేదు. ఆ గదిలో వినేవాళ్ళు ఇద్దరే: ఒకరు ఆయన చెల్లెలు, రెండోది ఆయన మేనకోడలు. చెల్లెలు మిషను తొక్కుతోంది కాబట్టి ఆవిడకి సగమే వినపడింది.

"అన్నయ్యా, దిగు. ఆ పీట కాలు ఊగుతుంది."

"నేరస్థుల గుండెలు కూడా ఇలాగే ఊగుతాయి చెల్లాయ్!"

"పీట విరిగితే ఊగేది నువ్వే."

మామయ్య దిగాడు, కానీ ఓడిపోయినవాడిలా దిగలేదు. ఏదో రహస్య సొరంగంలోకి దిగుతున్నవాడిలా అటూ ఇటూ చూసి, కోటు కాలరు పైకెత్తి మరీ దిగాడు. ఎండ మాడు పగలగొడుతుంటే కోటెందుకని ఎవరూ అడగలేదు. అడిగీ అడిగీ అలిసిపోయారు.

ఆయన డిటెక్టివ్ ఎలా అయ్యాడో ముందు చెప్పుకోవాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు మామయ్య లారీల కాటా దగ్గర గుమాస్తాగా పనిచేశాడు. లారీ కాటా మీదికి ఎక్కుతుంది, అద్దంలో అంకె పడుతుంది, ఈయన చీటీ రాసిస్తాడు. అదీ ఉద్యోగం. ఒకరోజు ఒక సిమెంటు లారీని తూచి, ఏదో అనుమానం వచ్చి పది నిమిషాల తర్వాత మళ్ళీ తూచారు. అరవై కిలోలు తగ్గింది. అంతే, మామయ్య వెళ్ళి గేటుకి అడ్డంగా పడుకున్నాడు. బస్తా పోయిందన్నాడు, ముఠా ఉందన్నాడు, తన శవం మీదుగా తప్ప లారీ కదలదన్నాడు. బస్తాలన్నీ దింపారు, లెక్కపెట్టారు, మళ్ళీ ఎక్కించారు. ఒక్కటీ తగ్గలేదు. ఇంతలో లారీ క్లీనరు టీ తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చి, లారీ ఎక్కి కూర్చున్నాడు. అంకె సరిపోయింది.

ఆ రోజు నుంచీ కాటా దగ్గర అందరూ ఆయన్ని "డిటెక్టివ్ గారూ" అని పిలిచారు. పిలిచినవాళ్ళు నవ్వుతూనే పిలిచారు. మామయ్య పిలుపు విన్నాడు, నవ్వు వినలేదు. రిటైరయ్యాక ఒక పాత కోటు సంపాదించాడు, ఒక భూతద్దం కొన్నాడు, తన కొక్కెం కాటాని జేబులో వేసుకున్నాడు. అంటే సామాను కొక్కేనికి తగిలించి చేత్తో ఎత్తి తూచేది. మిగతా డిటెక్టివులకి కుక్కో తుపాకో ఉంటే ఈయనకి ఈ కాటా ఉంది.

"ఇంతకీ కేసేంటి మామయ్యా?" అంది మేనకోడలు. ఆ పిల్లకి ఓపిక ఎక్కువ. ఆ ఓపికే ఆమె కొంప మీదికి తెస్తుందని వాళ్ళమ్మ ఎప్పుడూ అనేది.

"నువ్వే చెప్పావు కదా అమ్మడూ. తేలిగ్గా ఉండే ల్యాప్‌టాప్ కావాలన్నావు. బలంగానూ ఉండాలన్నావు. ఔనా?"

"ఔను."

"ఆ రెండూ ఒకేచోట ఉన్నాయంటే అక్కడ నేరం జరిగినట్టే! ఇటుకకి బరువుంది కాబట్టి గోడ నిలబడుతోంది. ఇంజనుకి బరువుంది కాబట్టి లారీ లాగుతోంది. తేలికైనది ఎక్కడైనా బలంగా ఉంటుందా?"

"చీమ ఉంటుంది. తనకన్నా ఎన్నో రెట్లు బరువు మోస్తుందట."

"చీమకి గ్యారంటీ కార్డిస్తారా? బిల్లిస్తారా? చీమ సాక్ష్యం కోర్టులో చెల్లదు."

మేనకోడలు నవ్వింది గానీ, ఆమెకి నవ్వొచ్చే రోజు కాదది.

ఆమె పగలంతా భవనాల ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. సాయంత్రం కాలేజీలో ఆ చదువే చదువుకుంటుంది. రెండింటికీ కలిపి ఒక్కటే ల్యాప్‌టాప్, అది కూడా చుట్టాలబ్బాయి వాడి వాడి వదిలేసింది. మూడున్నర కిలోలుంటుంది. దాని ఛార్జరు పెరట్లో ఇటుకంత. మూత విరిగి వేలాడుతుంటే వాళ్ళమ్మ జాకెట్టుగుడ్డ ముక్కతో కట్టింది. అందులో ప్లాను తెరవమని నొక్కి, పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగి, చల్లారి, తాగి, గిన్నె కడిగి వచ్చినా తెర మీద గుండ్రటి చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ బరువు బస్సుల్లో మోసీ మోసీ ఆ పిల్ల కుడి భుజం జారిపోయింది. కొత్త జాకెట్టుకి కొలతలు తీస్తూ తల్లి టేపు పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఎడమ భుజానికీ కుడి భుజానికీ అరంగుళం తేడా. పదిమంది భుజాలు రోజూ కొలిచే మనిషి, ఆమెకి తెలియకుండా ఉంటుందా? కుట్టులో ఆ అరంగుళం సర్దేసింది.

ఇప్పుడు చూస్తే ఆఫీసులో ఇంజనీరు కొత్త మెలిక పెట్టాడు. ఊరి చివర ఆరంతస్తుల ఆసుపత్రి కడుతున్నారు. ఇంకా లిఫ్టు లేదు.

"సోమవారం పొద్దున నాతో పాటు ప్రతి అంతస్తూ ఎక్కాలి," అన్నాడు ఇంజనీరు. "గోడ పక్కన నిలబడి ప్లాను తెరవాలి. తప్పుంటే అక్కడికక్కడే దిద్దాలి. చెయ్యగలిగితే ఈ సైటు చూసుకునే సీటు నీది. లేదంటే మా తోడల్లుడి కొడుకు ఖాళీగానే ఉన్నాడు."

తోడల్లుడి కొడుకులు ఎప్పుడూ ఖాళీగానే ఉంటారు, అది లోకసహజం. ఆ రోజు శనివారం. ఆదివారం షాపులుండవు. పాతదాన్ని మోసుకుంటూ ఆరంతస్తులు ఎక్కితే ఆమె పోతుంది. ఎక్కాక అది తెరుచుకోకపోతే సీటు పోతుంది.

ఏది కొనాలని ఆఫీసులో నలుగుర్ని అడిగింది. అయిదు సలహాలు వచ్చాయి. ఒకాయన మెమరీ చూడమన్నాడు. ఒకాయన బ్యాటరీ చూడమన్నాడు. ఇంకొకాయన తన బావమరిది కొన్నదే కొనమని, అదేమిటో మాత్రం గుర్తులేదన్నాడు. నాలుగో ఆయన మొదట వద్దన్నది తర్వాత తనే కొనమన్నాడు.

"మామయ్యని తీసుకెళ్ళవే," అంది తల్లి మిషను ఆపకుండా. "పెద్దమనిషి పక్కనుంటే షాపువాళ్ళు ఆడపిల్లని ఆడించరు. అన్నయ్యా, నువ్వు ఊరికే తోడుండు చాలు. నోరెత్తకు."

"మౌనం నా రెండో ఆయుధం చెల్లాయ్."

"మొదటిదేంటో?"

"మాట!"

తల్లి నెత్తి కొట్టుకోవాలనుకుంది గానీ చేతులు మిషను సూది దగ్గరున్నాయి.

*

షాపు తలుపు మీద "లాగండి" అని పెద్దక్షరాలతో రాసుంది. మామయ్య దాన్ని నెట్టాడు. ఇంకా గట్టిగా నెట్టాడు. తర్వాత మేనకోడలి చెవిలో, "లోపల్నుంచి ఎవరో పట్టుకున్నారు. మన రాక వాళ్ళకి ముందే తెలిసిపోయింది," అన్నాడు. మేనకోడలు తలుపు లాగి లోపలికి నడిచింది.

లోపల చల్లగా ఉంది. బల్లల మీద వరసగా ల్యాప్‌టాపులు. ఒక్కొక్కదాని పక్కన పెళ్ళిచూపుల్లో పిల్లవాడి గొప్పలు చెప్పినట్టు ఇంత పొడుగు చీటీ. షాపాయన చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"రండి మేడమ్. పనికా, చదువుకా?"

"రెండింటికీనండీ. పెద్ద పెద్ద భవనాల ప్లాన్లు తెరవాలి. చేత్తో పట్టుకుని మెట్లెక్కాలి."

"అయితే ఇది చూడండి! రాక్షసి! ఏనుగు బలం!" అంటూ ఒక నల్లటి లావుపాటిదాన్ని చూపించాడు. దాని మీటల కింద ఏడురంగుల దీపాలు మినుకుమినుకుమంటున్నాయి.

"ఈ లైట్లెందుకండీ?"

"లైట్లుంటే స్పీడున్నట్టు ఉంటుంది కదా మేడమ్."

"గోడ ఎక్కడ వంకరుందో లైట్లు చెప్పవు కదండీ. ఎంత బరువు?"

"ఎంతండీ, పసిపిల్లంత!"

"ఎన్ని నెలల పిల్ల?" అన్నాడు మామయ్య. అది ఆ షాపులో ఆయన వేసిన ఒకే ఒక్క పనికొచ్చే ప్రశ్న. షాపాయన వినిపించుకోలేదు.

మేనకోడలి కళ్ళు ఆ మూల బల్ల మీదున్నాయి. అక్కడ బూడిదరంగులో సన్నటిదొకటి ఉంది. మూసి ఉంటే బడిపిల్లల పలకలా ఉంది. చీటీ మీద బరువు కిలోంబావు అని రాసుంది. మిగతా గొప్పలన్నీ ఆ రాక్షసికి రాసినట్టే రాశారు.

"అదా మేడమ్? మంచిదే. స్టాకులో ఒక్క పెట్టే మిగిలింది."

"ఇందులో మా ప్లాను ఒక్కసారి తెరిచి చూడొచ్చా?" అంటూ ఆమె పెన్‌డ్రైవు తీసింది. ఆసుపత్రి ఆరంతస్తులూ అందులో ఉన్నాయి.

షాపాయన పామును చూసినట్టు చూశాడు. "అమ్మో, వద్దు మేడమ్! ఎవరెవరి పెన్‌డ్రైవుల్లో ఏ వైరస్సుందో. షోకి పెట్టినదాంట్లో మా కంపెనీ వీడియో తప్ప ఇంకేమీ ఆడదు. ప్లాన్లు తెరిచే సాఫ్ట్‌వేరే ఉండదందులో."

"పోనీ పెట్టె విప్పి చూపిస్తారా?"

"విప్పితే వాపసు తీసుకోమండీ. అది రూలు."

మేనకోడలు అక్కడే నిలబడిపోయింది. లావుదాన్ని కొంటే ప్లాను ఖాయంగా తెరుచుకుంటుంది, కానీ భుజం? సన్నదాన్ని కొంటే భుజం బతుకుతుంది, కానీ ఇంజనీరు ముందు ఆ చక్రం తిరగడం మొదలుపెడితే? అమ్మ ఎన్ని జాకెట్లు కుట్టి దాచిన డబ్బో ఆమెకి తెలుసు. రెండోసారి కొనడమనేది ఉండదు.

మామయ్య ఆమె చేతిలోంచి పెన్‌డ్రైవు లాక్కున్నాడు.

"ఇది నా దగ్గరుండనీ. దీన్ని చూడగానే వీడి మొహం ఎలా మారిందో గమనించావా? ఈ షాపులో దీనికి ప్రాణాపాయముంది."

"మామయ్యా, ఆయన భయపడింది వైరస్సుకి."

"అది వాడి ముఠా నాయకుడి మారుపేరు అయ్యుంటుంది."

అని, ఆమె వారించేలోపు ఆయన జేబులోంచి కొక్కెం కాటా తీశాడు. ఒక గుడ్డసంచి తీశాడు. ముందు రాక్షసిని సంచిలో వేసి ఎత్తాడు. "రెండు ముప్పావు! సరుకున్న మనిషి!" అన్నాడు మెచ్చుకోలుగా. తర్వాత సన్నదాన్ని తీసుకుని సంచిలో వేశాడు. దానికి సన్నటి తీగ కట్టి ఉందని ఆయన భూతద్దానికి కనపడలేదు. ఎత్తగానే షాపంతా కుయ్యోమంటూ సైరన్ మోగింది.

"సంకేతం! ముఠాకి సంకేతం ఇచ్చారు! అమ్మడూ, నా వెనక నిలబడు!"

షాపాయన పరిగెత్తుకొచ్చి సైరన్ ఆపాడు. "ఏంటండీ ఇది? దొంగతనమా?"

"ఆ మాట నీ నోటితోనే అన్నావు!" మామయ్య వేలు గాల్లో ఆడించాడు. "ఏమయ్యా, అదీ ల్యాప్‌టాపే, ఇదీ ల్యాప్‌టాపే. అది రెండు ముప్పావు తూగింది. ఇది ఒకటింబావు తూగింది. మిగతా కిలోన్నర సరుకు ఏ గోడౌన్లో దింపావు?"

"మిగతా ఏంటండీ?"

"అమాయకత్వం! ముప్ఫై ఒక్క ఏళ్ళు లారీలు తూచాను. నా దగ్గరా నీ వేషాలు? లోపలున్నవి పీకేసి పైడొల్ల అమ్ముతున్నావు. ఇది హత్య! ల్యాప్‌టాప్ హత్య!"

షాపులో ఉన్న నలుగురూ తలలు తిప్పారు. కొనబోతున్న ఒకాయన పర్సు మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. అది చూశాక షాపాయన మొహం జేగురురంగుకి తిరిగింది.

"పెద్దాయనా, పాతికేళ్ళ షాపు నాది. పదిమందిలో దొంగనంటారా? మీకు ఏదీ అమ్మను. పొండి."

"చూశావా అమ్మడూ? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు!"

"మామయ్యా, దణ్ణం పెడతాను, ఆ కుర్చీలో కూర్చో. మాట్లాడకు. కదలకు," అంది ఆమె. మామయ్య కూర్చున్నాడు. ఆమె షాపాయన వెంటపడింది. "అండీ, మా మామయ్య మనసు మంచిదండీ. తల కొంచెం..."

"తల సంగతి నాకెందుకు మేడమ్? నా పరువు సంగతి చెప్పండి."

అలా బతిమాలుతుండగా, వెనకగది తెర తొలగించుకుని గళ్ళచొక్కా వేసుకున్న ఒకాయన వచ్చాడు. ఆ షాపులో రిపేర్లు చేసేది ఆయనే. కౌంటరు సొరుగు లాగి, చిటికెన వేలంత పచ్చటి బిళ్ళ ఒకటి తీసుకుని, పిడికిట్లో పెట్టుకున్నాడు. రిజిస్టరులో దాని నంబరు రాయడానికి కలం వెతుక్కుంటున్నాడు.

మామయ్య కళ్ళు ఇంతింతయ్యాయి.

"అవయవాలు," అన్నాడు తనలో తను. "ఒక్కొక్కటీ తీసి సొరుగులో దాస్తున్నారు."

కదలకు అని మేనకోడలు చెప్పింది నిజమే. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషిని కూర్చోమంటే ఎంతసేపు కూర్చుంటాడు? కుర్చీలోంచి మెల్లగా కిందికి జారాడు. నాలుగుకాళ్ళ మీద, కోటు నేలని తుడుస్తుండగా, బల్లల మధ్య నుంచి వెనకగది వైపు పాకడం మొదలుపెట్టాడు. దారిలో ఒక పెద్దావిడ, మనవరాలి కోసం ల్యాప్‌టాప్ చూడ్డానికొచ్చింది, కళ్ళజోడు సర్దుకుని వంగింది.

"ఏం పడిపోయింది బాబూ? నేనూ వెతకనా?"

"న్యాయం పడిపోయిందమ్మా. వెతుకుతున్నాను."

"అయ్యో, చిన్నదా పెద్దదా?"

మామయ్య జవాబివ్వకుండా తెర కింద నుంచి దూరిపోయాడు. అటు తిరిగిన మేనకోడలికి కోటు చివర కనపడింది. షాపాయనకి అర్థమయ్యేలోపు ఆయన్ని బయటికి లాగాలని తనూ తెర తొలగించుకుని లోపలికి వెళ్ళింది.

ఇరుకు గది. బల్ల మీద దీపం, పట్టకార్లు, కాగితం మీద వరస తప్పకుండా పేర్చిన బుల్లి బుల్లి స్క్రూలు. మధ్యలో ఒక ల్యాప్‌టాప్, రెండు అట్టపెట్టెల మీద ఎత్తుగా పెట్టి ఉంది. అదే బూడిదరంగు, అదే సన్నం. అడుగురేకు విప్పేసి పక్కన పెట్టారు. తెర మాత్రం వెలుగుతోంది.

"శవం," అన్నాడు మామయ్య గుసగుసగా. చెవి ఆనించాడు. "ఇంకా ఊపిరుంది. సన్నగా ఆడుతోంది."

"అది ఫ్యాను మామయ్యా. పద, బయటికి పద!"

గుమ్మం తెర అవతల అడుగుల చప్పుడైంది. గళ్ళచొక్కా ఆయన వస్తున్నాడు.

"ముఠా! సాక్ష్యం దాచాలి!" మామయ్య పెన్‌డ్రైవు పట్టుకుని గిరగిరా తిరిగాడు. కోటు జేబులో వేశాడు, అది చిరుగులోంచి నేల మీద పడింది. తీసి నోట్లో పెట్టుకోబోయాడు, మేనకోడలు చెయ్యి పట్టుకుంది. చెప్పులో దాచబోయాడు, కాలు పట్టలేదు. ఆఖరికి కళ్ళెదురుగా ఒక కన్నం కనపడింది. ఏ ఇంట్లో దొంగలున్నారో ఆ ఇంట్లోనే సొమ్ము దాచినట్టు, ఆ ల్యాప్‌టాప్ పక్కనున్న కన్నంలోనే దాన్ని కుక్కేశాడు. తర్వాత బల్లకింద దాక్కోవడానికి వంగాడు. వంగుతూ కాలు తట్టుకుని, మోచెయ్యి మీటల మీద ధబ్బున వేసి, నడ్డి మీద ఆ బల్లకిందే కూలబడ్డాడు.

తెర ఒకసారి మిణుక్కుమంది.

మేనకోడలు అటు చూసింది. చూస్తూనే ఉండిపోయింది. పునాది వచ్చింది. దాని మీద మొదటి అంతస్తు, రెండు, మూడు, ఆరు. మెట్లు, కిటికీలు, గొట్టాలు, తీగలు అన్నీ. ఆమె అయిదు లెక్కపెట్టలేదు, ఆసుపత్రి మొత్తం లేచి నిలబడింది. చక్రం లేదు. వేలు పెట్టి తిప్పింది. భవనం బొంగరంలా తిరిగింది. నాలుగో అంతస్తు మెట్ల దగ్గరికి వెళ్ళింది, తలుపు దాకా దగ్గరికి లాగింది, మళ్ళీ దూరం జరిపింది. ఇంట్లో ఇదే పనికి ఒక పూట పడుతుంది. తను ఎవరి గదిలో ఉందో, ఎందుకొచ్చిందో కూడా ఆమె మరిచిపోయింది.

"ఎవరండీ మీరు? ఇక్కడేం చేస్తున్నారు?" గళ్ళచొక్కా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"అండీ, క్షమించండి. ఒక్కటి చెప్పండి. దీని లోపల మీరేమైనా మార్చారా? కొత్తది ఏమైనా వేశారా?"

ఆయన అయోమయంగా పిడికిలి విప్పాడు. "ఇదిగో, దీన్ని ఆపి ఈ మెమరీ వెయ్యడానికే వస్తున్నా. ఇంకా వెయ్యలేదు."

"అంటే కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉందా?"

"అచ్చం అలాగే. బయట షోలో ఉన్నదీ ఇదీ ఒకటే. ఒక ప్లాన్లు గీసే ఆవిడది. ఒకేసారి మూడు నాలుగు భవనాలు తెరుచుకుని కూర్చుంటుందట, అందుకని ఇంకాస్త మెమరీ కావాలంది. అది సరే, ఈ ఆసుపత్రి ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను వెళ్ళేటప్పుడు లేదే!"

"మరి ఇంత తేలికెందుకండీ? ఆ నల్లదాంతో సమానంగా పనిచేస్తూ?"

"దాంట్లో సగం బరువు లావు బ్యాటరీ, లావు ఫ్యాన్లు, ఆటలు ఆడేవాళ్ళ కోసం పెట్టిన హంగులు. మీ ప్లాన్లకి అవన్నీ అక్కర్లేదు. దీనికి రేకు పలచన, ఛార్జరు అరచేతిలో పడుతుంది. అంతే తేడా. ఎవరో పీకేస్తే తగ్గింది కాదు, తయారుచేసినవాడే తగ్గించాడు."

"ఒప్పుకున్నాడు!" అంది బల్లకింద నుంచి ఒక గొంతు. "తగ్గించినవాడెవరో ఒప్పుకున్నాడు!"

గళ్ళచొక్కా ఆయన కెవ్వున అరిచాడు. మామయ్య ఉలిక్కిపడి లేవబోయి, నెత్తి బల్లకి కొట్టుకుని, మళ్ళీ కూర్చున్నాడు. ఆ అరుపుకి షాపాయన వచ్చాడు, ఆయన వెనక పెద్దావిడ వచ్చింది, ఆవిడ వెనక పర్సాయన కూడా వచ్చాడు. అందరూ ఇరుకుగదిలో ఒకరి భుజం మీంచి ఒకరు తెర వైపు చూశారు.

"అమ్మమ్మా, ఎంత ఆసుపత్రి!" అంది పెద్దావిడ. "ఇంత పలకలో పట్టిందా? పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే కాబోలు. మా మనవరాలికి ఇలాంటిదే కావాలి నాయనా."

మేనకోడలు షాపాయన వైపు తిరిగింది. "అండీ, మిగిలిన ఆ ఒక్క పెట్టె నాకివ్వండి. సోమవారం పొద్దున నాకు దీంతో చావుబతుకుల పని. ఇది లేకపోతే నా కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు."

షాపాయన తెర చూశాడు, ఆమెని చూశాడు, బల్లకింద చూశాడు.

"మీ మీద నాకేం కోపం లేదు మేడమ్. పదిమందిలో నన్ను దొంగ అన్నాడాయన. ఆ పదిమందిలోనే కాదని చెప్పమనండి. పెట్టె ఇచ్చేస్తా. లేదంటే ఈ పెద్దావిడకిస్తా."

మామయ్య బల్లకింద నుంచి బయటికొచ్చాడు. కోటుకి బూజు, నెత్తిన బొప్పి. ఆయన జీవితంలో ఎప్పుడూ తప్పైందన్న మాట అన్న మనిషి కాదు. ఆ సిమెంటు లారీ క్లీనరుకి కూడా చెప్పలేదు. కోటు దులుపుకున్నాడు. కాలరు సర్దుకున్నాడు. ఏదో పెద్ద డైలాగు వస్తుందని మేనకోడలు కళ్ళు మూసుకుంది. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే కుడి భుజం మీదికెళ్ళి రుద్దుకుంటోంది. మామయ్య చూపు ఆ చేతి మీద పడింది. భూతద్దం అవసరం లేకుండానే పడింది.

"ఏమయ్యా," అన్నాడు. గొంతు ఎన్నడూ లేనంత చిన్నగా వచ్చింది. "మళ్ళీ తూచాను. నీ లెక్క సరిపోయింది. నాదే తప్పు తూకం."

షాపాయన కళ్ళు కిందికి దించుకున్నాడు.

"పోనీండి పెద్దాయనా. పెట్టె పట్రా," అన్నాడు గళ్ళచొక్కాతో.

పెద్దావిడ మంగళవారం వచ్చే సరుకులో ఒకటి తనకి ఉంచమని చెప్పింది. పర్సాయన కూడా పర్సు తీశాడు.

*

బస్సులో కూర్చుని టికెట్టు తీసుకునేసరికి మామయ్యకి ప్రాణం లేచొచ్చింది.

"చూశావా అమ్మడూ నా వ్యూహం? వాడు పెన్‌డ్రైవు పెట్టనివ్వనన్నాడు. అయితే పెట్టించేదెలా? ముందు గొడవ చెయ్యాలి. తర్వాత పాకాలి. సరైన సమయానికి సరైన కన్నం ఎంచుకోవాలి. ఇదంతా నేను తలుపు దగ్గరే లెక్కవేశాను."

"మోచెయ్యి కూడానా మామయ్యా?"

"మోచెయ్యి మరీ ముఖ్యంగా!"

మేనకోడలు ఒళ్ళోని పెట్టె మీద చేతులు వేసుకుని, "ఔను మామయ్యా," అంది. ఎదురుచెప్పాలనిపించలేదు. ఆ రోజు ఆయన ఒక్కసారి ఓడిపోయాడు, అదీ మేనకోడలి కోసం.

ఆదివారమంతా కూర్చుని తన చదువూ పనీ అందులోకి ఎక్కించుకుంది. సోమవారం పొద్దున ఇంజనీరు ముందు, ఆమె వెనక, మెట్లు ఎక్కారు. రెండో అంతస్తుకి ఇంజనీరుకి ఆయాసం వచ్చింది. నాలుగో అంతస్తులో ఆగి, గోడకి చేరగిలబడి, "ఏదీ, ఈ తలుపు చూపించు," అన్నాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకునేలోపు ఆమె ఎడమచేతి మీద ఆసుపత్రి లేచి నిలబడింది.

"సార్, ప్లానులో తలుపు వెడల్పు బాగానే ఉంది. కానీ ఎదురుగా ఈ స్తంభం పెట్టారు చూడండి. రోగిని మంచంతో సహా తీసుకొస్తే ఇక్కడ తిరగదు."

ఇంజనీరు తెర చూశాడు. స్తంభం చూశాడు. మంచం పొడవెంతో చేతులు చాచి కొలుచుకుని, అటు తిరిగి ఇటు తిరిగి, తనే మంచమైనట్టు తలుపులోంచి దూరబోయి, స్తంభానికి మోకాలు కొట్టుకున్నాడు.

"దిద్దు," అన్నాడు మోకాలు పట్టుకుని.

నిలబడిన చోటే దిద్దింది. తలుపుని రెండడుగులు పక్కకి జరిపింది. అవతల గది కొలతలు తెర మీద వాటంతటవే మారిపోయాయి.

"మంచి సరుకే కొన్నావు. ఎవరు చూసిపెట్టారు?"

"మా మామయ్య మోచెయ్యి సార్."

ఇంజనీరు గంభీరంగా తలాడించాడు. అర్థం కాని మాటకి గంభీరంగా తలాడించడం పెద్ద ఉద్యోగాలవాళ్ళకి అలవాటే. తర్వాత కిందికి వంగి, "ఈ అమ్మాయి కొలతకి ఒక హెల్మెట్ పంపండి, దాని మీద పేరు రాయించండి!" అని కేకేశాడు. తోడల్లుడి కొడుకు మాట ఎత్తలేదు.

వాళ్ళు పంపింది ఒక సైజు పెద్దది. పేరు మీద రంగు ఇంకా ఆరలేదు. పెట్టుకోగానే కళ్ళ మీదికి జారింది. ఆమె ఒక చేత్తో హెల్మెట్ పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో ల్యాప్‌టాప్ పట్టుకుని, అయిదో అంతస్తు మెట్లెక్కడం మొదలుపెట్టింది. కుడి భుజానికి మోసే బరువేమీ లేదు. వెనకనుంచి ఇంజనీరు, "కొంచెం మెల్లగా నడవమ్మా," అంటున్నాడు.